అద్దం వద్దన్న బొమ్మలు

పటం కట్టేవాడు బొమ్మని వెనకవైపు కూడా చూడాలి. కాగితం ఎంత మందం, ఏ మూల చెమ్మ తగిలింది, దేనితో అతికించారు, సంతకం పెన్సిలా పెన్నా, ఇవన్నీ చూసుకున్నాకే బీడింగ్, అంటే ఫ్రేము చెక్క, కొయ్యాలి. విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో మా నాన్నగారు పెట్టిన షాపుని ఇప్పుడు నేను నడుపుతున్నాను. మాకు వచ్చేవి ఎక్కువగా పైడితల్లి అమ్మవారి పటాలు, పోయిన పెద్దవాళ్ళ ఫోటోలు, పెళ్ళి ఫోటోలు, రిటైరైనవాళ్ళ సన్మాన పత్రాలు. నాన్నగారి రోజుల్లో పత్రికల ముఖచిత్రాలు జాగ్రత్తగా కత్తిరించి తెచ్చి పటం కట్టించుకునేవారు. అందులో వడ్డాది పాపయ్య గారివే ఎక్కువ ఉండేవి. ఆయన 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. ఆ సంగతి తెలిసినవాళ్ళు "మనోడి బొమ్మ, మంచి బీడింగ్ వెయ్యండి" అని మరీ చెప్పి వెళ్ళేవారట.

ఈ వేసవిలో వచ్చిన పని మాత్రం నాకు పూర్తిగా కొత్త. విశాఖలో ఎం.ఎఫ్.ఏ., అంటే చిత్రకళలో పీజీ, చివరి ఏడాది చదువుతున్న ఆరుగురు పిల్లలు షాపుకి వచ్చారు. అందరివీ శ్రీకాకుళం, విజయనగరం, సీతంపేట వైపు ఊళ్ళే. కాలేజీలో జ్యూరీ అయిపోయింది, మాస్టార్లు మార్కులు వేసేశారు. "మా ఇంట్లోవాళ్ళు ఇవి ఒక్కసారైనా చూడాలి మాస్టారూ. పని మానుకుని వాళ్ళు విశాఖ రాలేరు. బొమ్మలే ఇటు రావాలి" అంది వాళ్ళలో పలాస అమ్మాయి. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఫ్రేములు నా ఖర్చుతో కడతాననీ, గోడకి ఎక్కించే పని కూడా నాదేననీ అక్కడికక్కడే చెప్పేశాను.

అసలు కష్టం గోడ దగ్గర వచ్చింది. సంగీతానికి ఈ ఊరు ఎంత చేసిందో అందరికీ తెలుసు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని మొదటి ప్రిన్సిపాల్ చేశారు. బొమ్మల్లోనూ మనకి పెద్దవాళ్ళున్నారు. అంట్యాకుల పైడిరాజు గారు మద్రాసు ఆర్టు స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌదురి దగ్గర నేర్చుకుని, మళ్ళీ ఈ ఊరే వచ్చి పిల్లలకి చిత్రకళ నేర్పారు. ఇంత ఉన్న ఊళ్ళో తడిలేని గోడ, కుదురైన లైటు ఉన్న గది అద్దెకి కావాలని తిరిగితే నాకు పెళ్ళి హాళ్ళే చూపించారు. వాటి గోడల నిండా తళుకు కాగితం, అద్దాలు, ప్లాస్టిక్ పూలు. మేకు కొట్టనివ్వరు. రెండో రోజుకే ఖాళీ చెయ్యమంటారు.

చివరికి తెలిసినవాళ్ళ పాత బంగళా కింది హాలు దొరికింది. సున్నపు గోడలు. మేకు కొడితే పెచ్చు ఊడి వస్తుంది. అయితే పాత ఇళ్ళు కట్టినవాళ్ళు ఎంత ముందుచూపుతో కట్టారో చూడండి. గోడ పైభాగాన పటాలు వేలాడదీసుకోవడానికే చెక్క పట్టీ ఒకటి హాలు చుట్టూ ఉంది. దానికి హుక్కులు తగిలించి సన్న తీగతో దించాం. గ్యాలరీల్లో బొమ్మ మధ్యభాగం నేలకి సుమారు నాలుగడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తులో ఉండేట్టు చూస్తారు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు, బడిపిల్లలు ఎక్కువ ఉంటారని నేను మరో మూడు అంగుళాలు దించాను. ట్యూబ్‌లైటు వెలుతురు అద్దం మీద గీతలా పడి బొమ్మని మింగేస్తోంది. అవన్నీ ఆర్పించి, పెళ్ళి డెకరేషన్ కుర్రాళ్ళ దగ్గర పసుపు ఎల్.ఇ.డి. లైట్లు తెచ్చి ఏటవాలుగా కట్టించాను.

ఇక పలాస అమ్మాయి పని. ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే.

ఆమె చేసేది ఎచింగ్. జింకు రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, నీళ్ళు కలిపిన నైట్రిక్ ఆమ్లంలో వేస్తారు. పూత పోయిన చోట ఆమ్లం రేకుని తినేస్తుంది. తింటున్నప్పుడు బుడగలు లేస్తాయి, వాటిని పక్షి ఈకతో మెల్లగా తోసేస్తూ ఉండాలి. ఎంతసేపు ఉంచితే గాడి అంత లోతు. తర్వాత పూత కడిగేసి, గాళ్ళలోకి ఇంకు దట్టించి, పైన మిగిలింది గుడ్డతో తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్సులో తిప్పుతారు. ఇదంతా ఆ అమ్మాయి మా షాపు బల్ల మీద ఖాళీ రేకు పెట్టి నాకు విడమరిచి చెప్పింది. ఈ పద్ధతిలోనే పూత మెత్తగా ఉండేట్టు చేసుకుంటే సూది కూడా అక్కర్లేదు. దాని మీద ఆకు నొక్కినా, గుడ్డ నొక్కినా ఆ అచ్చు రేకులోకి దిగిపోతుంది. ఆమె ఆ మెత్తటి పూత పూసిన రేకుల్ని పలాస తీసుకెళ్ళి వాళ్ళమ్మ చేత, వాళ్ళమ్మతో పాటు జీడి బట్టీలో పనిచేసే ఆడవాళ్ళ చేత వేళ్ళు నొక్కించింది.

పలాస, కాశీబుగ్గ వైపు వెళ్ళినవాళ్ళకి ఆ చేతులు తెలుసు. జీడిగింజ పెంకులో ఉండే నూనె ఒంటికి తగిలితే కాలుతుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా ఏళ్ళ తరబడి గింజలు కొట్టిన వేళ్ళు నల్లబడి తోలు ఊడి నున్నగా అయిపోతాయి. ఆ వేళ్ళతో రేషన్ కోసం మిషన్ మీద నొక్కితే "వేలిముద్ర పడటం లేదు, పక్క వేలు పెట్టు" అంటారు. పక్క వేలూ పడదు. ఆ చేతులకి పనిచేసి ఆ గతి పట్టింది. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తోంది.

బొమ్మలో ఏముందంటే, ఒక్కొక్క కాగితం మధ్యలో ఒక్క బొటనవేలు, అరచేయంత పెద్దది. ఒకే వేలిని రేకు మీద పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి చాలాసార్లు నొక్కించి అంత పెద్దది చేసింది. అంచుల్లో గీతలు సన్నగా, నల్లగా, తేటగా ఉన్నాయి. మధ్యకి వచ్చేసరికి గీతలు తెగిపోతాయి. అక్కడ బూడిదరంగు మచ్చ, దాని మీద ఒకటి రెండు పగుళ్ళు మాత్రమే. వెలుగు పక్కనుంచి పడితే కాగితం మీద రేకు అంచు నొక్కుకున్న గుంట కూడా కనిపిస్తుంది. మౌంట్, అంటే బొమ్మ చుట్టూ వేసే అట్ట, కోసేటప్పుడు ఆ గుంటని కప్పెయ్యకూడదు. దాని కింద పెన్సిలుతో రాసిన 3/10 లాంటి అంకె, సంతకం కనబడాలి. పది ప్రింట్లు తీస్తే అందులో ఇది మూడోది అని లెక్క.

ఒకాయన ఆ అంకె చూసి "ప్రింటేనా? మరి ఇంత రేటెందుకు, జిరాక్స్ తీస్తే సరిపోదా" అని అడిగారు. ఆయన అడిగింది న్యాయమే, ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? ప్రతి ప్రింటుకీ మళ్ళీ ఇంకు దట్టాలి, మళ్ళీ చేత్తో తుడవాలి, కాగితం మళ్ళీ తడపాలి. మూడోదానికీ ఏడోదానికీ నలుపులో తేడా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు చూసి ఏడోది కొన్నారు.

వాళ్ళమ్మగారు ఆదివారం మధ్యాహ్నం రైలు దిగి వచ్చారు. బట్టీలోంచి ఇంకో ఇద్దరు కూడా వచ్చారు. తన వేలు ఏదో ఆవిడే వెతుక్కున్నారు, కూతురు చూపించలేదు. నిలబడి చూసి, "ఆ మిసన్లో పడని ఏలు ఇందులో ఎలగ పడిందే?" అన్నారు.

"ఆ మిషన్ గీతలే ఎతుకుతాదమ్మా. నేను గీతలు పోయిన చోటు కూడా తీశాను" అంది ఆ పిల్ల.

ఫ్రేముల విషయంలో మేమిద్దరం గట్టిగానే వాదించుకున్నాం. ఆమెకి అద్దం వద్దు. "వేలికీ చూసేవాళ్ళకీ మధ్య అడ్డం ఎందుకు మాస్టారూ" అంటుంది. నేనేమో మన సముద్రపు గాలికి కాగితం వానాకాలం ఒకటి దాటేలోపే బూజు పడుతుందనీ, సిల్వర్ ఫిష్ పురుగులు ముందు మౌంట్ జిగురుకే వస్తాయనీ చెప్పాను. చివరికి ప్రింట్లకి అద్దం వేశాను, కానీ అద్దం కాగితానికి ఆనకుండా లోపల చుట్టూ సన్న చెక్క పుల్ల పెట్టి ఎడం చేశాను. వాళ్ళమ్మ వేలు నొక్కిన అసలు జింకు రేకుని మాత్రం అద్దం లేకుండా, చేతికి అందే ఎత్తులో చెక్క పలక మీద బిగించాను. ముట్టుకోవచ్చని పక్కనే రాసి పెట్టాం. చూసినవాళ్ళు ఎవరి బొటనవేలు వాళ్ళు దాని మీద పెట్టి చూసుకున్నారు. నేనూ పెట్టాను. గీతలున్న చోట వేలికి గరుకు తెలుస్తుంది, మధ్యలో ఏమీ తెలియదు.

సీతంపేట అమ్మాయి అద్దం మాటే ఎత్తనివ్వలేదు. ఆమె సవర పిల్ల. వాళ్ళ ఇళ్ళల్లో ఎర్రమట్టి అలికిన గోడ మీద, చివర నలగ్గొట్టిన పుల్లతో బియ్యప్పిండి ముంచి బొమ్మలు వేస్తారు. ముందు చుట్టూ అంచు గీస్తారు, అదే ఇల్లు. ఆ తర్వాతే లోపలికి మనుషులు, ఏనుగులు, గుర్రాలు, చెట్లు, సూర్యచంద్రులు వస్తారు. పూర్వీకుల్ని పిలవడానికి, రోగం నయం కావడానికి, పంట బాగుండటానికి వేసే బొమ్మలు అవి. అందుకే వాటిని తను యథాతథంగా తెచ్చి హాల్లో పెట్టననీ, ఆ గీత తీరు మాత్రమే తెచ్చుకుంటాననీ మొదటే చెప్పింది. ఆ నియమం నాకు సరైనదనిపించింది. ఆమె అంచు గీసి లోపల వేసింది తను చదువుకున్న ఆశ్రమ పాఠశాల హాస్టల్. వరసగా ఇనప మంచాలు, ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు, తలగడ పక్కన ట్రంకు పెట్టెలు, కిటికీలోంచి కొండ. ఒకే ఒక్క పిల్ల మాత్రం అంచు గీత మీద, సగం లోపల, సగం బయట నిలబడి ఉంది.

హాలువాళ్ళు గోడ మీద వెయ్యనివ్వలేదు కాబట్టి ప్లైవుడ్ మీద మట్టి అలికింది. మట్టి ఆరేకొద్దీ ప్లైవుడ్ విల్లులా వంగడం మొదలుపెట్టింది. వెనకవైపు వెదురు దబ్బలు అడ్డంగా, నిలువుగా బిగించి దాన్ని సరిచేశాను. అయినా టాటా ఏస్‌లో వచ్చేటప్పుడు కొండ ఉన్న వైపు పగులు వచ్చింది. పూడుస్తానంటే వద్దంది. ఊళ్ళో గోడలు అలాగే పగులుతాయి, మళ్ళీ పండగకి అలుకుతారు, దీన్ని కూడా అలికేసి కొత్తది వేస్తానంది. నిలవ ఉంచడమే నా వృత్తి. నాకు ఆ మాట మింగుడుపడలేదు. ఇప్పటికీ ఆ మంచాల వరస ఎక్కడైనా భద్రంగా ఉంటే బాగుండుననే అనిపిస్తుంది.

పొందూరు అమ్మాయిది గుడ్డ పని. పొందూరు ఖద్దరు అంటే అందరూ గాంధీగారిని తలుస్తారు, అక్కడితో ఆపేస్తారు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని, ఆ ఎముకకి ఉండే సన్నటి పళ్ళకి చెత్తంతా చిక్కి పోగులు వరసగా సాగుతాయని ఎంతమంది చూశారు? ఆ దవడ ఎముకనే ఆమె ఒక చిన్న పీట మీద, దువ్విన పత్తితో సహా పెట్టింది. దాని వెనక ముతక నూలు నుంచి చాలా సన్నదైన నూరో నంబరు నూలు దాకా అంచెలంచెలుగా సన్నబడుతూ పోయే గుడ్డలు వరసగా వేలాడదీసింది. మొదటి దానిలోంచి మనిషి కనిపించడు. చివరి దానిలోంచి అవతల మనిషి కళ్ళజోడు కూడా కనిపిస్తుంది. నూలు తెగి ముడి వేసిన చోటల్లా ముడిని అలాగే వదిలింది. కొట్లో అయితే అది లోపం కింద లెక్క. ఇక్కడ ఆ ముడులన్నీ చీకటి నేపథ్యంలో తెల్లగా మెరుస్తున్నాయి. వాళ్ళ నాయనమ్మ వచ్చి ఒక్కో గుడ్డనీ బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టి నలిపి, నాలుగోదాని దగ్గర ఆగి "ఇది నా నూలు కాదు" అన్నారు. నిజమే, ఆ ఒక్కటీ పక్కింటావిడ వడికింది. ఈ పరీక్ష పెట్టగల జ్యూరీ ఏ కాలేజీలోనూ ఉండదు.

బుడితి కుర్రాడి పని హాలంతా వినిపించింది. బుడితిలో కంచు, ఇత్తడి పని చేసే ఇంటివాడు. రాగి నాలుగు పాళ్ళకి తగరం సుమారు ఒక పాలు పడితే కంచు అవుతుంది, రాగిలో జింకు పడితే ఇత్తడి. పలాస అమ్మాయి రేకుదీ అదే జింకు. కంచుతో రకరకాల మందాల్లో గుండ్రటి పళ్ళేలు పోత పోసి తాడుతో వేలాడదీశాడు, పక్కన చెక్క సుత్తి పెట్టాడు. వాటి మధ్య ఒక్క ఇత్తడి పళ్ళెం. కంచు కొడితే మోత చాలాసేపు నిలుస్తుంది, ఇత్తడి దగ్గరికి వచ్చేసరికి టక్కున చచ్చిపోతుంది. వీణ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి వచ్చి వాటిలో తన శ్రుతికి కలిసేది ఏదో చెవి దగ్గర పెట్టుకుని వెతికింది. ఒక్కటీ సరిగ్గా కలవలేదు. కావాలనే కలపలేదా అని అడిగితే, మా నాన్న అంచు రాకితే శ్రుతి మారుతుంది, నాకింకా ఆ పని పట్టుబడలేదు అన్నాడు. ఆ అమ్మాయి ఫోన్లో శ్రుతిబాక్స్ పెట్టింది, ఇతను ఆకురాయి తెచ్చాడు, సాయంత్రం దాకా ఇద్దరూ అదే పని.

జూట్ మిల్లు కార్మికుడి కొడుకు వీడియో చేశాడు. మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. వాళ్ళ నాన్న ఇంటి వరండాలో స్టూలు మీద కూర్చుని, ఎదురుగా మిషన్ లేకుండానే, ఒకప్పుడు షిఫ్టులో చేసిన పనంతా గాల్లో చేసి చూపిస్తాడు. తెగిన పోగు అందుకోవడం, వేళ్ళతో మెలిపెట్టడం, నిండిన బాబిన్ తీసి ఖాళీది పెట్టడం. పదకొండు నిమిషాలు. వెనక సీలింగ్ ఫ్యాను చప్పుడు తప్ప ఇంకే శబ్దమూ పెట్టలేదు. కూర్చోవడానికి గోనె సంచుల కట్టలు వేశాడు, ఆ వాసనే సగం పని చేసింది. కుర్రకారు నిమిషం చూసి లేచి వెళ్ళారు. వాళ్ళ నాన్నతో పనిచేసినవాళ్ళు మాత్రం రెండుసార్లు మొదటినుంచి చివరిదాకా చూసి, ఆ చెయ్యి స్పిన్నింగ్‌లోది, ఇది కార్డింగ్‌లోది అని పేర్లు పెట్టుకున్నారు.

ఉద్దానం అబ్బాయిది బొగ్గు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అతను బడిపిల్లాడు. వాళ్ళ తోటలో కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకి పడిపోయాయట. కొబ్బరిచిప్ప కాల్చిన బొగ్గుతో నిలువెత్తు కాగితాల మీద ఆ చెట్ల మొదళ్ళు మాత్రం గీశాడు, లేచిపోయిన వేళ్ళతో, అంటుకున్న మట్టితో. ఆ నలుపు కొన్న బొగ్గుతో రాదు, కొంచెం గోధుమరంగు తిరుగుతుంది. చాలా గొప్ప పని. అదే అబ్బాయి ప్లాస్టిక్ సీసాలు గుత్తులుగా కట్టి ఇంగ్లీషులో పేజీ నిండా వివరణ రాసిన పని కూడా ఒకటి పెట్టాడు. అది నాకు ఎక్కలేదు, ఎక్కలేదని అతనికే చెప్పాను. ఆ సీసాలు ఏ ఊరివైనా కావచ్చు. ఆ చెట్టు మొదలు మాత్రం అతనొక్కడే గీయగలడు.

ఆ వివరణల సంగతి కూడా చెప్పాలి. కాలేజీ జ్యూరీకి రాసుకున్న ఇంగ్లీషు కార్డులనే అందరూ తెచ్చారు. ఎవరికోసం ఇంత దూరం తెచ్చారో వాళ్ళే చదవలేకపోతే ఎలా అని నేను పట్టుబట్టాను. ఒక రాత్రంతా కూర్చుని తెలుగులో తిరగరాశారు. సిద్ధాంతాలన్నీ పోయాయి, వస్తువులు మిగిలాయి. "జింకు రేకు, నైట్రిక్ ఆమ్లం, అమ్మ బొటనవేలు." "ఎర్రమట్టి, బియ్యప్పిండి, ప్లైవుడ్." "నాన్న, స్టూలు, వరండా." ఈ కార్డుల దగ్గర జనం ఆగి చదివి, తలెత్తి బొమ్మ చూసి, మళ్ళీ కార్డు చూశారు. ఇంగ్లీషు కార్డులతో అలా జరిగేది కాదని నా గట్టి నమ్మకం.

ఇలాంటి ప్రదర్శనలు ముందు హైదరాబాదులోనో ఢిల్లీలోనో మెప్పు పొంది, తర్వాత మన దగ్గరికి వార్తగా రావడం చూస్తూ వచ్చాం. వరస మారాలి. పత్తి దువ్విన మనిషి, గింజ కొట్టిన మనిషి, కంచు పోసిన మనిషి ముందు చూడాలి. వాళ్ళకి బాగోగులు తెలుసు, పొరపాటు ఎక్కడుందో కూడా తెలుసు. ఆ పిల్లలకి వాళ్ళ మాట కావాలి.

వచ్చే ఏడాది ఇదే పని శ్రీకాకుళంలో చెయ్యాలని జూనియర్లు అప్పుడే అడుగుతున్నారు. బస్సు దిగి నడిచి రాగలిగిన దూరంలో, కనీసం ముప్పై అడుగుల పొడవు గోడ, వానకి చెమ్మ ఎక్కనిది, పది రోజులు ఖాళీగా ఇవ్వగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. గోడ మీద సవర అమ్మాయి లాంటివాళ్ళని మట్టి అలకనిచ్చేవాళ్ళయితే మరీ మంచిది, తర్వాత సున్నం నేను వేయిస్తాను. హుక్కులు, తీగ, నిచ్చెన, లైట్లు అన్నీ నా దగ్గరున్నాయి.